నాలుగు చీరల లెక్క

జములమ్మకు అన్న చెప్పిందే వేదం. తండ్రి పోయాక ఇంటికి మగదిక్కు వెంకటన్న ఒక్కడే. ఎనిమిదో తరగతి సగంలో బడి మాని మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు, చెల్లెలు అదే తరగతికి వచ్చేసరికి ఇరవయ్యేళ్లవాడయ్యాడు.

గద్వాల చీరకు ఒడలు నూలు, అంచులు పట్టు. రెండూ కలిసేచోట దారానికి దారం మెలిక పడాలి. దానికి ఒక్క మనిషి చాలడు. గుంటలోంచి వెంకటన్న దారపు నాడె విసురుతూ "చెల్లె" అంటాడు. పక్కన కూర్చున్న జములమ్మ "అన్నా" అంటూ అంచు నాడె తోస్తుంది. పిలుపు తప్పితే మెలిక తప్పుతుంది. బడికి ముందూ బడి తర్వాతా ఎన్ని వందలసార్లు పిలుచుకునేవాళ్లో వాళ్లకే తెలియదు.

ఆ ఏడు హైదరాబాదు నుంచి బడుల ఇన్స్‌పెక్టరమ్మ వస్తుందని కబురొచ్చింది. ఎనిమిదిలో ఒక్క పిల్లను ఎంచి, అక్కడి హాస్టల్లో పెట్టి చదివిస్తారట. పంతులమ్మ జములమ్మ తల నిమిరి, "ఆమె ముందల నిన్నే లేపుత. గీ లెక్క ఇంటికాడ చేసుకొని రా" అంది. నాలుగు నీటి అణువులు తయారుకావాలంటే హైడ్రోజన్ అణువులెన్ని కావాలి, ఆక్సిజన్ అణువులెన్ని కావాలి? ఇదీ లెక్క.

నిజాం రోజులు, చదువంతా ఉర్దూలోనాయె. అణువంటే సాలిమా, పరమాణువంటే జౌహర్. దేంట్లో ఏది ఉంటుందో జములమ్మకు అంతా కలగాపులగం. పలక పట్టుకొని అన్న దగ్గరికి పోయింది.

"అన్నా, జర చెప్పవా? ఏమీ తెలుస్తలేదు."

వెంకటన్న పలక చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీళ్ల అణువు ఒక చీర అనుకో. హైడ్రోజన్ పరమాణువులు రెండంచులు. ఆక్సిజన్ పరమాణువు ఒడలు. మూడూ కలిస్తేనే చీర."

"గట్లనా!" అంది జములమ్మ. నెల రోజులుగా పంతులమ్మ గొంతు చించుకున్నా ఎక్కనిది అన్న ఒక్క మాటతో ఎక్కించాడు.

"హైడ్రోజన్ ఒంటిగ తిరగదు. రెండు పరమాణువులు కలిసే ఒక అణువైతది. నాలుగు చీరలకు నాలుగు జోడ్ల అంచులు. అంటే నాలుగు అణువులు."

"మరి ఆక్సిజన్?"

వెంకటన్న దారం అయిపోని కండెను నాడెలోంచి తీసి, మళ్లీ అదే పెట్టాడు.

"చీరకొక ఒడలు. నాలుగు చీరలకు నాలుగు. గంతే."

ఇన్స్‌పెక్టరమ్మ ముందు జములమ్మ నల్లబల్ల మీద నాలుగూ నాలుగూ అని రాసింది. ఎందుకని అడిగితే ఊరుకోలేదు, చీర సంగతంతా గడగడా అప్పజెప్పింది. ఇన్స్‌పెక్టరమ్మ నవ్వింది. ఆమె నవ్విందని పిల్లలంతా నవ్వారు. ఆక్సిజన్‌కు నాలుగెలా వచ్చిందో పంతులమ్మకు అంతుపట్టలేదు. హాస్టలుకు ఇంకో పిల్ల పోయింది.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే వెంకటన్నే కళ్లు తుడిచాడు. "పోనీలే చెల్లె. నాకూ సరిగ తెల్వకపాయె" అన్నాడు. పాపం, అన్నేం చేస్తాడని జములమ్మే అతన్ని ఓదార్చింది! అంత పిచ్చిది. బడి మాని పూర్తిగా మగ్గం పక్కన కూర్చుంది.

పదిహేను రోజులకు మగ్గం మీంచి చీర దిగింది. మడతల మధ్య పెట్టడానికి కాగితాలు తెమ్మంది తల్లి అలివేలమ్మ. జములమ్మ అటక మీది అన్న పాత నోటుబుక్కు దించి, నాలుగు కాగితాలు చింపింది. అయిదోది చింపబోతూ ఆగింది.

అదే లెక్క. అన్న చేతిరాత. హైడ్రోజన్ నాలుగు, ఆక్సిజన్ రెండు. కింద తెలుగులో చిన్న అక్షరాలతో రాసుకున్నాడు: "ఆక్సిజన్ కూడా జంటగానే ఉంటుంది. ఒకే పడుగు మీద నేసిన రెండు చీరల లెక్క. కోస్తేనే రెండవుతాయి." పక్కన ఎర్ర సిరాతో మాస్టరు పెట్టిన రైటు గుర్తు.

జములమ్మకు ఒళ్లంతా మండింది. తెలియక తప్పు చెప్పినవాడిని క్షమించవచ్చు. ఇతగాడు సగం దాకా చెయ్యి పట్టుకుని నడిపించి, తెలిసి తెలిసి అక్కడ వదిలేశాడు. ఆపైన కళ్లు కూడా తుడిచాడు.

కాగితం తీసుకుపోయి పడుగు మీద పెట్టింది. వెంకటన్న చూసి తల వంచుకున్నాడు.

"నువ్వు పోతే గీ అంచు ఎవరు నేస్తరు?" అన్నాడు చివరికి. "నాయిన పోయిన్నాడు నన్ను బడి మాన్పిస్తే, ఎవరన్న అడ్డమొచ్చిండ్రా?"

"పోవద్దు చెల్లె, అని ఒక్కమాటంటే ఉండకపోదునా?" అంది జములమ్మ. "నలుగుర్ల నన్ను నవ్వులపాలు జేస్తివి. నేను నిన్నే నమ్మితిని గద."

వెంకటన్న కాగితం తీసి పక్కన పెట్టాడు. కొత్త చీరకు ఒప్పుకున్న గడువు దగ్గరపడుతోంది. నాడె చేతిలోకి తీసుకున్నాడు. జములమ్మ కూడా వచ్చి తన చోట కూర్చుంది. పోవడానికి ఇంకెక్కడుంది గనక?

"చెల్లె" అన్నాడు నెమ్మదిగా, నాడె విసురుతూ.

జములమ్మ అంచు నాడె తోసింది.

"అన్నా" అనలేదు. "రెండు" అంది.

వెంకటన్న చెయ్యి ఆగింది. మళ్లీ విసిరాడు.

"చెల్లె."

"రెండు."

మెలిక ఎక్కడా తప్పలేదు. ఆ చీర కొంగు దాకా అట్లాగే నేశారు.