ముల్లుకు కాపలా

పల్లంరాజు వోల్టుమీటరు అద్దాన్ని తుండుగుడ్డతో తుడిచి మళ్లీ ముల్లు వైపు చూశాడు. అది కునికిపాట్లు పడుతున్నట్టు ఎడమవైపుకు ఒరుగుతోంది. మే నెల మధ్యాహ్నం, రాజమండ్రి అంతా ఫ్యాన్ల కింద పడుకున్న వేళ. స్టెబిలైజరు పిడి కొంచెం తిప్పాడు. ముల్లు లేచి నిలబడింది.

గాజు తలుపు అవతల చల్లటి గదిలో కంప్యూటరు పదో తరగతి ఫలితాలు తయారుచేస్తోంది. ఇవతలి ఇరుకుగదిలో కూర్చుని దానికి కరెంటు సమంగా అందించడం పల్లంరాజు ఉద్యోగం. పొట్టి మనిషి, నెరిసిన మీసం. ఎవరు మాట్లాడినా ఒక చెవి స్టెబిలైజరు రొద మీదే ఉంచేవాడు. నరసాపురంలో చిన్నప్పుడు నాన్న పడవలో పడుకుంటే, చెక్క కింద గోదారి ఇలాగే సన్నగా రొద పెట్టేది.

ఈ ఫలితాల్లో అతని కూతురు వీరవేణి నంబరు కూడా ఉంది. కిందటేడు లెక్కల్లో తప్పింది. ఈసారీ తప్పితే తనతో తీసుకుపోయి చేపల గంప ఎత్తిస్తానని పల్లంరాజు అక్క అప్పాయమ్మ చెప్పేసింది. తల్లిలేని పిల్ల. ఆ గాజు తలుపు అవతల కుర్చీలో, ఆపరేటరు జగదాంబగారిలా వీరవేణి కూర్చోవాలని అతని ఆశ. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పొద్దుటినుంచి ఎడమభుజం లాగుతోంది. బ్యాటరీలు ఎత్తినందుకే అనుకున్నాడు.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఏసీలు ఆగిపోయాయి. జనరేటరు మరమ్మతుకు విప్పి ఉంది. కంప్యూటరు బ్యాటరీల మీద నడుస్తోంది. అవి దిగిపోతే ఇంతవరకు చేసిన పనంతా పోతుంది.

జగదాంబ తలుపు తీసి తొంగిచూసింది. "ఎంతసేపు లాగుతాయండీ?"

"ఒక ప్రింటరు ఆపెయ్యండమ్మా. నిదానంగా పోనిస్తే ఒడ్డెక్కుతామండి."

బ్యాటరీల మీద వెలుగుతున్న దీపాలు ఆర్పాడు. తన ఫ్యాను కూడా కట్టేశాడు. ఒంటినిండా చెమట. బ్యాటరీల వాడకం చూపే ఆమ్మీటరు ముల్లు కాస్త దిగి కుదుటపడింది. మసకవెలుతురులో దాని ముందు కూర్చుని, తనూ నెమ్మదిగా ఊపిరి పీల్చసాగాడు.

చాలాసేపటికి కరెంటు వచ్చింది. ఏసీలు మూలుగుతూ లేచాయి. కాసేపటికి జగదాంబ నవ్వుతూ వచ్చింది.

"మీ వీరవేణి పాసైందండీ."

"నంబరు సరిగ్గా చూసేరాండీ?"

"రెండుసార్లు చూశాను. లెక్కల్లో కూడా."

అతను ముఖం తుండుగుడ్డలో దాచుకున్నాడు. తర్వాత అన్నాడు: "మిషను ఆపకండమ్మా. ఇంకా చాలామంది పిల్లలున్నారు కదండీ."

ఆమె వెళ్లాక గోడకు చేరగిలపడ్డాడు. రొద మళ్లీ సమంగా వినిపిస్తోంది. కళ్లు మూసుకుంటే కింద నీళ్లు కదిలినట్టుంది. అమ్మ ఎక్కడో బియ్యం కడుగుతోంది. పడవ కట్టుతాడు ఎవరో విప్పారు.

జగదాంబ టీ తెచ్చి పిలిచినప్పుడు పల్లంరాజు లేవలేదు. ప్రాణం ఎప్పుడు పోయిందో, పక్కగదిలో ఉన్నవాళ్లకు కూడా తెలియలేదు.

అతన్ని తీసుకెళ్లాక గదిలో ఎవరూ లేరు. గాజు తలుపు అవతల ప్రింటరు పిల్లల నంబర్లు కొడుతూనే ఉంది. సాయంత్రపు ఎండ కిటికీలోంచి, మేకుకు వేలాడుతున్న అతని ఖాకీ చొక్కా మీద పడింది. బ్యాటరీ యాసిడ్ చిమ్మి పడిన చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా గోడ మీద వాలి, గాలి తగిలినప్పుడల్లా నీటి మీద ఎండలా కదులుతోంది.