వీధి వైపు మడి

కిటికీ గట్టు మీద పాత పెరుగు డబ్బాల్లో టమాటా నారు ఎదుగుతోంది. నిరుడు వడగళ్లు తోటంతా చితక్కొట్టాయి. విత్తనానికి ఒక్క కాయా మిగల్లేదు. నానమ్మ ఉగిలోయ్ గుడ్డమూట అడుగున దొరికిన గింజలన్నీ ఈ డబ్బాల్లోనే ఉన్నాయి. గులాబీ రంగులో, పిడికిలి కంటే పెద్దగా కాసే ఆ రకం ఊళ్లో మరెవరి ఇంటా లేదు. నానమ్మకు చూపు మందగించింది. నారు పెంచే పని ఈ ఏడు మనవరాలు ముహయ్యోది.

ఆప్రికాట్ చెట్లు ఇంకా పూత మీదే ఉన్నాయి. ఆ రోజు వీధి పెద్ద సలోమత్ గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చింది.

"ఉగిలోయ్ పెద్దమ్మా! రేపు జిల్లా అధికారి మన వీధికొస్తున్నాడు, ఇళ్ల తోటలు చూడ్డానికి. నీ మడేమో బోడిగుండులా ఉంది!"

"ముల్లంగి వేశాంలేవే. ఇంకా మొలవలేదు."

"మన్నులో ఉన్న ముల్లంగి ఆయనకేం కనబడుద్ది? కారు దిగి తవ్వుకుంటాడా?" సలోమత్ చూపు కిటికీ మీద పడింది. "ఓహో, బంగారంలాంటి నారు దాచుకున్నారే! అది నాటేయండి."

"చస్తాయే తల్లీ. చెట్ల పూత రాలిపోయేదాకా రాత్రిళ్లు గడ్డకట్టే మంచు కురుస్తుంది."

"ఒక్క పూట! ఆయన వెళ్లగానే పీక్కోండి. ఏమ్మా ముహయ్యో, నువ్వు చెప్పు. మడి ఖాళీగా ఉంటే తిట్లు తినేది నేనే కదా?"

నానమ్మ మొహం మనవరాలి వైపు తిరిగింది. వద్దు అనాలి. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పడం ముహయ్యోకు ఎప్పుడూ చేతకాలేదు.

"సరే అత్తా," అంది, నేల చూస్తూ.

నానమ్మ చేతిలోని టీ గిన్నె కింద పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ముహయ్యో నారంతా మడిలో నాటింది. సాయంత్రం దాకా వీధంతా గుమ్మాల్లో నిలబడింది. నల్ల కార్లు వచ్చాయి, దుమ్ము రేపుకుంటూ పోయాయి. ఏ కారూ నెమ్మదించలేదు. సలోమత్ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆ దుమ్ముకే వంగి దండం పెట్టింది.

"చూశాడు! అద్దంలోంచి చూశాడు!"

మొక్కలు పీకి తిరిగి పెట్టడానికి ముహయ్యో ఖాళీ డబ్బాలు తెచ్చుకుని మడి పక్కన కూర్చుంది.

"ఆగవే పిల్లా! మళ్లీ ఇటే వెనక్కొస్తాడు."

"పోనీ దుప్పటైనా కప్పుతా అత్తా."

"కప్పితే మొక్కలు చూస్తాడా, నీ దుప్పటి చూస్తాడా? పొద్దున్నే తీద్దువులే."

"సరే అత్తా."

అధికారి వేరే దారిన వెళ్లిపోయాడు. తెల్లారేసరికి రాత్రి కురిసిన మంచుకు ఆకులన్నీ ఉడికిన పాలకూరలా నల్లబడి మట్టికి అతుక్కున్నాయి. సలోమత్ గోడ మీంచి తొంగి చూసింది.

"అయ్యో పాపం! పోన్లే, బజారులో బోలెడు నారు," అని పొయ్యి మీద రొట్టె మాడుతోందంటూ లోపలికి పోయింది.

నానమ్మ తడుముకుంటూ వచ్చి మడి దగ్గర చతికిలబడింది. మొదటి కాడ వేళ్లకు తగిలింది.

"ఇది బతికుందా?"

"లేదు నానమ్మా."

"మరి ఇది?"

"లేదు."

నానమ్మ పక్క మొక్కకు జరిగింది. మళ్లీ అడిగింది. వరుస చివరిదాకా అడుగుతూనే ఉంది.