సొంతింట్ల పేరంటం

జనగామల ఇల్లైతే కట్టుకున్నరు గని, రేణుక, జితేందర్ అండ్ల పండుకున్నది పాలు పొంగిచ్చిన ఒక్క రాత్రే. లోను జల్ది తీర్పాలని దాన్ని కిరాయికిచ్చి, రైలు పట్టాల అవతల రేకుల అర్రలకు మారిన్రు. "ఐదేండ్లు కండ్లు మూసుకుంటే ఇల్లు మనదే" అన్నడు జితేందర్. రేణుక పండుగకు చీర కొనలే, ఎండకాలం కూలర్ కొనలే. మిగిలిన పైసలన్నీ తీస్కపోయి లోనుకే కట్టిన్రు.

ఐదేండ్లు నిండినయి. నిన్న బ్యాంకుకు పోతే, ఇంకో పదేండ్లు కట్టాలన్నరు.

"గదేంది సారూ? ముందుగాల గంత కడితిమి గద!"

"అదంత పెరిగిన వడ్డీకే పోయిందమ్మా" అన్నడాయన, తల ఎత్తకుంటనే.

ఇయ్యాల శ్రావణ శుక్రవారం. జనగామ ఇంట్ల కిరాయికున్న సునంద బొట్టు పెట్టి పేరంటానికి పిలిచింది. తను ఏరికోరి ఏపిచ్చిన బండల మీద రేణుక చుట్టం లెక్క ముడుసుకొని కూసున్నది. సునంద ఆమె కాళ్లకు పసుపు రాసి, రైకముక్క ఒళ్లె పెట్టి, "ఈ ఇల్లు మాకు మంచిగ కలిసొచ్చిందక్కా. ఇంకో పదేండ్లన్నా ఉంటం" అన్నది.

"ఉండుండ్రి" అన్నది రేణుక. ఇంకేమంటది?

శనగలు తిన్న చెయ్యి కడుక్కుందామని వంటింట్లకు పోయింది. పొద్దుగూకింది, లోపలంత చీకటి. గోడ పొడుగూత తడిమినా స్విచ్ దొరకలే.

"తలుపెనుక చూడక్కా!" అని సునంద నవ్వుకుంట కేకేసింది. "మా ఇంటికి కొత్తగ వచ్చినోళ్లకు ఎవ్వలకూ దొరకది."