చల్లారని గిన్నెలు

ప్రతి గురువారం పది కొట్టేసరికి బ్రెన్నర్ ఫాల్స్ యూనివర్సిటీ కుమ్మరిశాల గుమ్మంలో పన్నెండు జతల బుల్లి మంచుబూట్లు పడి ఉండేవి. క్యాంపస్‌లోని కిండర్‌గార్టెన్ పిల్లలవి. లోపల ఒక్కో పిల్లకి ఒక్కో స్టూడెంటు జోడీ. మట్టిముద్దలోకి బొటనవేలు దించి చుట్టూ నొక్కుకుంటూ పోతే గిన్నె అవుతుంది. గిన్నె కాగా మిగిలిన మట్టంతా పిల్లల జుట్టులోకి పోయేది.

అక్కడ గిన్నెల అడుగున పేర్లు రాసే అలవాటు లేదు. అక్కడ కుండలు కాల్చే ఆవంలో కాలిన వస్తువు, చేసినవాళ్లు రెండు చేతులా పట్టుకునేదాకా గోరువెచ్చగానే ఉండిపోతుంది. పట్టుకోగానే చల్లారుతుంది. చదువైపోయి వెళ్లిన ఒకతను కూజా మరిచిపోతే, నాలుగేళ్లుగా దానిమీద తడి చేతితొడుగులు ఆరేసుకుంటున్నారు.

స్టూడెంట్లలో మారిట్‌కి జోడీగా వచ్చింది జూనీ. ఐదేళ్లది. మాట తక్కువ, తొందర అసలే లేదు. మిగతా పిల్లలు మూడేసి గిన్నెలు చేసే గంటలో ఇది ఒక్క ముద్దనే పట్టుకుని కూర్చునేది. కిండర్‌గార్టెన్ నడిపే మిసెస్ ప్రూయిట్ కంటికి అది పనిలా ఆనలేదు. పిల్ల దేంట్లోనూ కలవడం లేదు, వచ్చే నెల నుంచి వేరే బడి చూసుకోండి అని ఉత్తరం తయారుచేసింది. జూనీ తల్లి రోండా క్యాంపస్ క్యాంటీన్లో వంట చేస్తుంది. వేరే బడంటే ఊరికి ఆ చివర, బస్సు కూడా పోదు. తల్లిదండ్రులు గిన్నెలు చూడ్డానికి వచ్చే రోజున, అందరి ముందూ కాకుండా పక్కకి పిలిచి ఇస్తుందట. ఆ మాత్రం దయ ఉంది మహాతల్లికి.

ఆ రోజుకి రెండు వారాల ముందు ఆవిడ వచ్చి, అరలో ఆరుతున్న గిన్నెలు చూసి మొహం చిట్లించింది. డీన్‌గారు వస్తున్నారు, ఈ వంకరటింకరలేమిటి, కాస్త సరిచెయ్యండి అంది. తడి స్పాంజితో అంచు తుడిస్తే ఏమవుతుందిలే అని స్టూడెంట్లు మొదలుపెట్టారు. అంచు అయ్యాక పొట్ట, పొట్ట అయ్యాక అడుగు. పని నేర్చిన చెయ్యి ఒక పట్టాన ఊరుకోదు కదా. మారిట్ కూడా స్పాంజి పుచ్చుకుని జూనీ గిన్నె అందుకుంది. చేతులు కడుక్కుని వస్తున్న జూనీ చూసి, పరుగున వచ్చి ఆమె ముంజేతిని కొరికింది.

మారిట్ గిన్నెని ఉన్నచోటే పెట్టేసింది. ప్రూయిట్ పెన్ను తీసింది.

"ఇది కూడా ఉత్తరంలో రాస్తారా?" అంది మారిట్.

"కొరికిందా, లేదా?"

"నన్నే కదా కొరికింది. తప్పు నాది."

"నీకింకా ఇరవయ్యేళ్లు. పిల్లల సంగతి నాకొదిలెయ్."

మారిట్‌కి ఒళ్లు మండిపోయింది. పిల్ల తన వస్తువు తను కాపాడుకుంటే నేరం, పిల్లల చేతిపని చెరిపేస్తే సరిచెయ్యడం! ఆ వేడి రెండు వారాలైనా తగ్గలేదు.

ఆ రోజు రానే వచ్చింది. బల్లమీద ఒక్కొక్కరిదీ ఒకటి చొప్పున పదకొండు గిన్నెలు దుకాణంలో కొన్నట్టు గుండ్రంగా ఉన్నాయి. చివర జూనీది, ఒక పక్కకి ఒరిగి, ఒంటినిండా వేలిగుర్తులతో. ఎవరివి వాళ్లు తీసుకోండి అన్నారు డీన్‌గారు.

గస్ అనే పిల్లాడు ముందుగా తనది ఎత్తాడు. పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లమ్మ ఫోన్లో ఫోటో తీద్దామని ఎదురుచూస్తోంది. గిన్నె వెచ్చగానే ఉంది. వాడి జోడీ స్టూడెంటు సిగ్గుతో చచ్చిపోతూ ముందుకొచ్చి రెండు చేతులా పట్టుకుంది. ఠక్కున చల్లారింది.

"మరి నేను చేసిందేదీ?" అన్నాడు గస్.

ఒకళ్ల తర్వాత ఒకళ్లు, పదకొండుమందికీ అదే గతి పట్టింది. ఆ పసివాళ్ల మొహాలు చూస్తుంటే మారిట్‌కి అందరినీ, తనతో సహా, నిలబెట్టి దులిపెయ్యాలనిపించింది.

జూనీ తీరిగ్గా వచ్చి రెండు చేతులా తన గిన్నె పట్టుకుంది. చల్లారాక తల్లికిచ్చింది. రోండా దాన్ని చెంపకి ఆనించుకుంది.

గస్ ముక్కు తుడుచుకుంటూ జూనీ దగ్గరికి వెళ్లాడు. "నాకు నేర్పుతావా?"

జూనీ వాడి చేతులు తిప్పి చూసింది. "గురువారం రా."

"గురువారం ఉంటుంది కదా మేడమ్, జూనీ?" అని మారిట్ గది మొత్తానికి వినపడేలా అడిగింది.

డీన్‌గారు తిరిగి చూశారు. పదకొండు మంది తల్లులూ చూశారు. మిసెస్ ప్రూయిట్ చేతిలోని ఉత్తరం కవరుని రెండు మడతలు పెట్టి, కోటు జేబులోకి తోసింది.

"ఉంటుంది," అంది.