తొందరయ్య కూర్చున్న రోజు

ఒక చేతిలో నీళ్ళ గొట్టం, రెండో చేతిలో కత్తెర, నోట్లో సగం నమిలిన రొట్టెముక్క. ఎండ ఇంకా గోడ దిగకముందే తొందరయ్య మొక్కల తోటంతా ఒక చుట్టు తిరిగేశాడు. తడిపిన కుండీనే మళ్ళీ తడిపాడు. ఎడమచెయ్యి పొద్దున్నుంచీ లాగుతోంది. గొట్టం బరువనుకుని చెయ్యి మార్చుకున్నాడు. అసలు పేరు వేరే ఉంది గానీ దాంతో తోటలో ఎవరికీ పనిలేదు. నిమ్మళంగా కూర్చుని ఒక ముద్ద తిన్నవాడు కాడు మరి.

అలాంటి మనిషికి దొరికిన మొక్క చూడండి! షెడ్డు గోడ పక్కన ఉందది. నిమ్మకు దూరపు చుట్టం, ఆకు నలిపితే నిమ్మతొక్క వాసన. తెల్లటి పూలు నిలువు కంకులుగా పూస్తుంది. గాలి ఆడని ఎండపూట కంకి దగ్గర అగ్గిపుల్ల గీస్తే భగ్గున మంట లేచి ఆరిపోతుంది, మొక్కకేమీ కాదు. అందుకే అగ్గిపూల మొక్క అంటారు. దాని బతుకులో తొందరంటే ఆ ఒక్క మంటే. మిగతాదంతా నత్తనడక. గింజ మొలవడానికే ఏడాది, పూయడానికి మరి కొన్నేళ్ళు. చలికాలం నేలదాకా ఎండిపోయి, మళ్ళీ ఆ వేరునుంచే చిగురిస్తుంది. ఆ వేరు కదిపామా, అలిగి చస్తుంది.

పెళ్ళయిన కొత్తలో తొందరయ్య విత్తిన గింజల్లో దక్కింది ఇదొక్కటే. మిగతావాటిని మొలిచాయో లేదోనని రోజూ వేలితో కెలికి తనే చంపుకున్నాడు. ఇది విత్తాక జ్వరంతో మంచం పట్టి, విత్తిన చోటే మరిచిపోయాడు కాబట్టి బతికింది.

ఇప్పుడు దీనికీ చావొచ్చింది. కొత్త నీటి గొట్టం కోసం ఇవాళ గోడ వెంట కాలువ తవ్వబోతున్నారు. తోట యజమానురాలిని బతిమాలాడు.

“అమ్మగారూ, ఇక్కడ కాస్త వంచి తవ్వితే...”

“ఆ గొట్టం వంగదయ్యా. గేటు దగ్గర మొదలుపెట్టి సాయంత్రానికి ఇటు రమ్మంటాను. అంతకన్నా నా చేతిలో లేదు.”

ఇక దిక్కు గింజలే. కాయలు గోధుమరంగుకు తిరిగాయి గానీ చిట్లలేదు. పచ్చిగా కోస్తే మొలవవు, కిందటేడు కోసి చూశాడుగా! అంతకుముందేడు టీ తాగొచ్చేలోగా కాయలు పేలి గింజలన్నీ గడ్డిపాలయ్యాయి. ఇవాళ్టి ఎండకు చిట్లితే చిట్లినట్టు, లేకపోతే ఆ మొక్క పేరు చెప్పుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

షెడ్డులో గింజలు చెరిగే అతని భార్య, పేలే గింజలు పట్టడానికి అతని పాత చొక్కా చింపి సంచి కుట్టింది.

“జేబు విప్పలేదేమే?”

“ఊపిరాడనిచ్చావా? పొద్దున్నుంచీ సంచీ సంచీ అని చంపుతున్నావు. చేతులు కప్పుకుని కట్టు, మళ్ళీ బొబ్బలెక్కుతాయి.”

“ఆ, ఆ,” అన్నాడు. కప్పుకోలేదు. ఆ మొక్క రసం తగిలి ఎండ సోకితే చర్మం పొంగుతుంది. అతని మణికట్ల నిండా పాత మచ్చలే. కంకికి సంచి తొడిగి మూతి బిగించాడు. చెవి ఆనించి విన్నాడు. గేటు దాకా వెళ్ళాడు, వచ్చి మళ్ళీ చెవి పెట్టాడు. గడ్డపారల చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

చూసి చూసి భార్యకు ఒళ్ళు మండింది. “నువ్విలా తిరిగితే కాయలు చిట్లుతాయా? వెళ్ళి దాని ముందు కూర్చో. కూర్చున్న మనిషి మీద గడ్డపార వేయరుగా!”

కాపురానికొచ్చినప్పటినుంచీ చెబుతున్న మాట. ఇవాళెందుకో విన్నాడు. కుండీ బోర్లించి, గోడకు వీపు ఆన్చి కూర్చున్నాడు.

“ఒరేయ్, బాబాయి కూర్చున్నాడ్రోయ్! వానొస్తుందేమో చూడండి!” అని కుండీలు మోసేవాళ్ళు ఒకటే నవ్వు.

“నోళ్ళు ముయ్యండి. కూర్చోనివ్వండి కాసేపు,” అంది భార్య కిటికీలోంచి. మధ్యాహ్నం తిండికీ పిలవలేదు, పిలిస్తే లేచిపోతాడని. చేట ఆపి ఆపి చూసింది. తల గోడకు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎంత కుదురుగా ఉన్నాడో! ఆమెకు ముచ్చటేసింది.

పొద్దు వాలుతుండగా కాలువ అక్కడికి చేరింది.

“పెద్దాయనా, కాస్త జరుగు,” అన్నాడు తవ్వేవాడు. మళ్ళీ అన్నాడు. భుజం తట్టి చూశాడు. తర్వాత గడ్డపారను చప్పుడు కాకుండా నేలమీద పెట్టాడు.

భార్య పొట్టు అంటిన చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది.

“లేవయ్యా,” అంది. “కూర్చోమన్నానే అనుకో, ఇంతసేపా కూర్చునేది?”

తట్టుకోలేక అతని మోకాళ్ళమీద తల పెట్టి ఏడ్చింది. ఎవరూ గడ్డపార ఎత్తలేదు. ఎండంతా తాగిన గోడ ఇంకా సెగలు కక్కుతోంది. అప్పుడు మొదలైంది కాయలు చిట్లడం. పాత చొక్కా సంచిలో, జేబున్న వైపు, ఒక్కొక్క గింజే వచ్చి గుడ్డకు టప్పున తగులుతోంది.