సంతాప సభలో వాయిదా

ప్లీడరులోంచి ‘ప’ తీసి పారేస్తే మిగిలేది లీడరే. ఈ ముక్క నేను సూర్యాపేట బజారులో నలుగురికీ వినబడేలా అరిచినప్పుడల్లా మా బద్రీనాథ్ వకీలు గారు తల పట్టుకునేవారు. "బీరయ్యా, మొదలు నువ్వు ప్లీడరువైతే కారా. లీడరు సంగతి తర్వాత సూద్దాం" అనేవారు.

ఆయన మాత్రం రెండూ అయ్యారు. పైగా మిర్యాలగూడలో రైస్ మిల్లు. పొద్దున దావాలు, మధ్యాహ్నం ధాన్యం, సాయంత్రం మునిసిపాలిటీ. ఇన్ని ధాన్యాల మధ్య ధ్యానానికి తీరిక ఎక్కడిది? చైర్మన్‌గా ఉండి ఊరి వాడవాడకూ నల్లా వేయించి, సొంత వీధిని చిట్టచివరికి నెట్టారు. అన్నాళ్లూ చైర్మన్ భార్య హైమావతమ్మ గారు పక్క వీధిలో బిందె పట్టుకుని వరుసలో నిలబడింది. నల్లకోటు ఉన్న ఇంట్లో నల్లా లేదని నేను ఊరంతా చాటాను. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు, పై వారం కూడా వేయించలేదు.

ఆయన వడ్ల వ్యాపారుల ఇంట పుట్టారు, నేను గొర్రెలు కాసే ఇంట పుట్టాను. మా మధ్య బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు. ఉన్నదల్లా బీరయ్య చుట్టరికమే. తన జూనియరుగా పెట్టుకుని నాకు నల్లకోటు కుట్టించింది ఆయనే.

డెబ్భై ఒకటి వేసవిలో ఒక తెల్లవారుజామున ఆయన గుండె ఆగిపోయింది. ఎందరి దావాలో మోసిన మనిషిని దవాఖానకు మోసే వ్యవధి కూడా దొరకలేదు. నేను వెళ్లేసరికి ముందు గదిలో పడుకోబెట్టి ఉన్నారు. కోదాడ నుంచి కూతురు జమున రావాలి, దహనం మధ్యాహ్నం అన్నారు. ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను.

హైమావతమ్మ గారు వచ్చి నా భుజం తట్టింది.

"బీరయ్యా, ఇయ్యాల మిర్యాలగూడల వాయిదా గాదు?"

"అమ్మా, ఇప్పుడు గదెందుకు?"

"రాత్రి అన్నం తినుకుంట గూడ గదే చెప్పిండు. గుడిసెలోళ్ల కేసు, ఇయ్యాలతోటి గడువు ఖతమైతదని. గీడ కూసోని నువ్వేం జేస్తవ్? ఏడ్వనీకి మేమున్నం. పో."

లేచాను.

సాగర్ కాలువ నీళ్లు వచ్చాక మిర్యాలగూడ చుట్టూ నేల బంగారమైంది. త్రిపురారం దారిలో కొంత నేలను నాగేశ్వర్ రావు అనే మిల్లు యజమాని కొన్నాడు. ఆ నేల మీద ఎప్పటినుంచో గుడిసెలున్నాయి. మిల్లుల్లో వడ్లు ఎండబోసే కూలీలవి. వాటిని కూల్చకుండా బద్రీనాథ్ గారు కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చారు. మిల్లు వాడివై ఉండి మిల్లు వాడి మీదికే పోతావా అని వ్యాపారులు దెప్పితే, "గుడిసెలు పోతే మన వడ్లు ఎవరు ఎండబోస్తరయ్యా? నా లాభం నేను సూసుకుంటున్న" అనేవారు. మంచి పని చేస్తూ పట్టుబడటం ఆయనకు మహా సిగ్గు.

ఆ ఉత్తర్వు ఆ రోజు సాయంత్రం దాకే. పొడిగించమని ఒక్క మాట అడగాలి. అడగాల్సిన మనిషి సూర్యాపేటలో చాప మీద ఉన్నాడు.

నేను బస్సు దిగేలోపే వార్త ఫోన్‌లో వచ్చేసింది. వకీళ్లంతా నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని ఉన్నారు. ఆ రోజు పని బంద్ అని తీర్మానించేశారు. వకీలు పోతే అక్కడి రివాజు అంతే: జడ్జి కూర్చుంటారు, నలుగురు నాలుగు మాటలు చెబుతారు, లేచి మౌనంగా నిలబడతారు, ఇక కేసులన్నీ మరో రోజుకు. కేసుకు వాయిదా ఉంటుంది. గడువుకు ఉండదు కదా!

వరండాలో సువార్తమ్మ కూర్చుని ఉంది. గుడిసెల వాళ్ల తరఫున ప్రతి వాయిదాకూ వచ్చేది ఆమే. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిజమేనా సారూ?"

తల ఊపాను. కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని అంది: "నాగేశ్వర్ రావు మనుషులు పొద్దుగాల్నే ట్రాక్టర్ తెచ్చి పెట్టిండ్రు. గడ్డపారలు పట్టుకొని మా గోడల నీడకే కూసున్నరు. కోర్టు టైం అయిపోవాల్నని సూస్తున్నరు. దూపైతుందంటే నీళ్లు గూడ మేమే ఇస్తిమి."

నాగేశ్వర్ రావు వకీలు భిక్షపతి గారు. అక్కడి వకీళ్లకు పెద్ద ఆయనే. బద్రీనాథ్ గారికి ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, సువార్తమ్మ కేసు ఒక్కటి పిలిపిద్దాం. పొడిగింపు అడిగి బయటికొస్త" అన్నాను.

"తమ్మీ, గురువు పోయిన నాడే శిష్యుడు వాదిస్తడా? లోకం ఉమ్మేస్తది."

"మరి గుడిసెలన్నా?"

"నేనేం జేసిన? గీ రివాజు నేను పెట్టిన్నా? నాకు మాత్రం దుఃఖం లేదా?"

ఉంది. చిక్కంతా అక్కడే. సంతాపం నిజంగా ఆయనదే, లాభం కూడా ఆయన కక్షిదారు నాగేశ్వర్ రావుదే.

"చివర్ల నువ్వే మాట్లాడాలె. ఇయ్యాల జర నీ తమాషా మాటలు బంద్ పెట్టు" అని లోపలికి నడిచారు.

సభ మొదలైంది. భిక్షపతి గారు మాట్లాడుతూ మధ్యలో ఆగి రుమాలుతో మొహం కప్పుకున్నారు. తర్వాత నా వంతు. ఎప్పుడూ నవ్వించేవాడు ఎలా ఏడిపిస్తాడా అని హాలంతా నా వైపు చూసింది.

"అయ్యా, మా గురువుగారు ఇవాళ ఈ కోర్టులో ఒక మాట చెప్పాల్సి ఉంది. రాత్రి అన్నం దగ్గర కూడా ఆ మాటే అన్నారట. ఆయన గురించి నాకు వేరే మాటలు రావడం లేదు, ఆయన మాటే చెబుతాను. త్రిపురారం దారి గుడిసెల కేసులో ఉత్తర్వు గడువు పొడిగించమని ప్రార్థిస్తున్నాను."

వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. జడ్జి స్థానంలో ఉన్న మున్సిఫ్ గారు కోస్తా వైపు మనిషి, మితభాషి. ఫైలు తెమ్మన్నారు.

"భిక్షపతి గారూ, మీకేమన్నా అభ్యంతరం ఉందా?"

భిక్షపతి గారు లేచారు. తడి రుమాలు ఇంకా చేతిలోనే ఉంది. వెనక నుంచి నాగేశ్వర్ రావు గట్టిగా దగ్గాడు. ఆయన అటు తిరగలేదు.

"ఇయ్యాల నేను వాదించనండి. పని బందని నేనే చెప్పిన."

మున్సిఫ్ గారు రెండు వాక్యాలు రాశారు. తర్వాత అందరం లేచి మౌనంగా నిలబడ్డాం.

బయట ఒక వకీలు నా దారికి అడ్డం వచ్చాడు. "శవాన్ని గూడ సాక్ష్యానికి పిలిచినవ్ గదరా!" అన్నాడు. నేను పక్కకు తప్పుకుని బస్టాండు దారి పట్టాను.

సూర్యాపేట చేరేసరికి శ్మశానం నుంచి తడి బట్టలతో తిరిగి వస్తున్న వాళ్లు ఎదురయ్యారు. ఆయన పాడె మోయడం నాకు దక్కలేదు. హైమావతమ్మ గారు గడప దగ్గరే ఉంది.

"ఏమైంది?"

"పొడిగించిన్రమ్మా."

"మంచిది" అని లోపలికి వెళ్లింది. కాసేపటికి లోపలి నుంచి ఏడుపు వినబడింది. పొద్దుటి నుంచి ఆమె ఏడవనే లేదని జమున చెప్పింది.

కేసు ఇంకా కొన్నేళ్లు నడిచింది. చివరికి మాదే గెలుపు. గుడిసెల మీద ఇప్పుడు పెంకులున్నాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ తర్వాతి వాయిదా. మా కేసు రాగానే బంట్రోతు కిష్ట్యా, నిజాం కాలం నాటి అలవాటు, తలుపు దగ్గర నిలబడి గొంతెత్తి ఉర్దూలో వకీలు పేరు పిలిచాడు:

"బద్రీనాథ్ వకీల్ సాబ్ హాజర్ హై?"

పిలిచి నాలుక కరుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. సువార్తమ్మ తలుపు వైపు తిరిగి చూసింది.

నేనూ చూశాను.