గీత దాటిన నీళ్ళు

ఇలా నా పక్కకి జరిగి కూర్చో. చెవి మేస్త్రి సంగతి దూరంగా కూర్చుని వినేది కాదు.

ఆ రోజు పొద్దున్నే ఆయన తన అక్క పాత కారు కింద దూరి ఉన్నాడు. బయటికి పాదాలు రెండే కనిపిస్తున్నాయి. ఎడమ చెప్పు తెగితే ఇనుప తీగతో బిగించుకున్నాడు. ఇంజన్ మీద చెవి ఆనించి రోగం చెప్పేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. వినడంలో ఎంత గట్టివాడో మాట్లాడడంలో అంత పిసినారి.

ఆ కారులోనే అక్క ముప్పై ఏళ్ళుగా తాను కుట్టిన కర్టెన్లు ఇంటింటికీ చేరవేస్తోంది. పెట్రోలులో ఆల్కహాల్ కలిపి అమ్మడం మొదలైన దగ్గర్నుంచి అది ఎత్తు రోడ్డు మీద దగ్గి దగ్గి ఆగిపోతోంది. మేస్త్రి నెలలో మూడుసార్లు, ఇంజన్‌కు పెట్రోలు అందించే కార్బురేటర్ విప్పి కడిగి పంపాడు. మూడుసార్లూ నలుగురూ తోసుకుంటూ వెనక్కి తెచ్చారు. ఇక లాభం లేదని అక్క అల్లుడు పాత ఇనుము కొనే లారీకి కబురు పెట్టాడు. ఆ సాయంత్రమే అయిదింటికి వస్తుంది.

అక్క షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఏరా, ఈ వయసులో నా కారు తాగుడు మరిగిందా?"

మేస్త్రి నవ్వుతూ బయటికి జరిగి, షెడ్డు కిటికీలోంచి ఖాళీ దగ్గుమందు సీసా తీశాడు. దాని మీద ఆకురాయితో గీసిన గీత ఉంది. గీత దాకా నీళ్ళు పోసి, పైన పెట్రోలు పోసి, మూత బిగించి ఊపి బల్ల మీద పెట్టాడు. కాసేపటికి రెండూ విడిపోయాయి. అడుగున నీళ్ళు గీత దాటి వేలి మందం పైకి లేచాయి.

"నీళ్ళు పెరుగుతాయా అక్కా? పెట్రోల్లోని ఆల్కహాల్ దిగి నీళ్ళతో కలిసింది."

"మీ బావని ఈ సీసాలో పోసి ఊపి ఉంటే, అడుగున నీళ్ళే ఉండేవి కావు!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ మేస్త్రి ఛాతీ పట్టుకుని తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు.

"మందు వేసుకున్నావా?"

"ముందు దీనికి వెయ్యనీ."

తర్వాత ఆయన ఫిల్టర్ కోసి చూశాడు. లోపల ఎర్ర మడ్డి. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, నుదురు కొట్టుకున్నాడు. కొత్త పెట్రోలు ట్యాంకు గోడలకు పట్టిన ముప్పై ఏళ్ళ తుప్పునీ జిగురునీ ఊడదీస్తోంది. తానేమో కడుపులో మురికి వదిలేసి మూతి కడుగుతూ వచ్చాడు.

"తప్పు దానిది కాదక్కా. నాది."

ట్యాంకు దించాడు. అందులో నీళ్ళు పోసి, తుప్పు రాలేలా గుప్పెడు సన్న గొలుసు వేసి, చెరోవైపు పట్టుకుని ఊపారు. నీళ్ళు తేటపడేదాకా కడిగి ఎండబెట్టారు. ఉబ్బి మెత్తబడిన రబ్బరు పైపులు తీసేసి, ఆల్కహాల్‌కు ఓర్చే పైపులు వేసి, ట్యాంకు మళ్ళీ బిగించాడు. నాలుగింటికి ఇంజన్ మీద చెవి పెట్టాడు. ఆయన ముఖం విచ్చుకుంది.

అక్క స్టీరింగ్ పట్టుకుంది. తమ్ముడు పక్కన కూర్చుని తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. ఎత్తు రోడ్డు మొదలైంది. అక్క ఊపిరి బిగబట్టింది. కారు దగ్గలేదు. మలుపు దాటింది, పైదాకా ఎక్కేసింది.

"విన్నావా?" అంది అక్క.

"వింటున్నా. పోనివ్వు, ఆపకు" అన్నాడు.

దిగేటప్పుడు తల కిటికీకి ఆనించాడు. అలసి నిద్రపోయాడనుకుని ఆమె హారన్ కూడా కొట్టకుండా ఇల్లు చేరింది. కారు చప్పుడు దూరం నుంచే విన్న అల్లుడు అప్పటికే లారీని వెనక్కి తిప్పిస్తున్నాడు.

"దగ్గలేదే అత్తయ్యా! బాబాయ్, గెలిచావ్!"

బాబాయ్ పలకలేదు. అక్క భుజం తట్టింది, చెంప తాకింది. తర్వాత ఇంజన్ ఆపకుండా అలాగే పక్కన కూర్చుండిపోయింది. ఆయన ముఖం ఇంకా విచ్చుకునే ఉంది.

ఆమె ఇప్పటికీ ఆ కారులోనే కర్టెన్లు పంచుతోంది. పాత బండి పని అయిపోయిందని ఎవరైనా అంటే, ట్యాంకు కడిగి పైపులు మార్చి చూడమను. గుర్తుపెట్టుకుని నీ పిల్లలకూ చెప్పు. ఆయన పేరు మరిచిపోతే ఆ దగ్గుమందు సీసా సంగతి చెప్పు. షెడ్డు కిటికీలో ఎండ పడేచోట అది ఇంకా ఉంది, మూత బిగించి, నీళ్ళు గీతకు వేలి మందం పైన.